బోర్డు మనది, పేరు ఎవరిది?

(చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటాము. అవి మాట్లాడుకోవలసిన విషయాలే. ఈ రోజు మాత్రం మేము మరొక ఆస్తిని గురించి చెప్పదలచాము. అది భూమి కాదు, భవనం కాదు. మీ దుకాణం నెత్తిన వ్రేలాడుతున్న పేరు. దానికి పట్టా ఉన్నదా అని అడగడానికి వచ్చాము.

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికలో మన ఆర్థిక స్థితిని గురించి ఒక ముఖ్యమైన మాట ఉన్నది. పని చేసే ముస్లిములలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడినవారు. అంటే నెల జీతం కన్నా, చేతి పనీ చిన్న దుకాణమే మనకు అన్నం పెడుతున్నాయి. అత్తరు, సుర్మా, గాజులు, షేర్వానీ కుట్టు, మగ్గం పని, బేకరీ, బిర్యానీ, తోలు, ఫర్నిచరు, మరమ్మతు షెడ్లు. వీటిలో పెట్టుబడి స్వల్పం. తరతరాలుగా కూడబెట్టినదల్లా మంచి పేరు ఒక్కటే. ఆ ఒక్కదానికీ కాగితం లేదు.

మన పట్టణంలోనే జరిగిన సంగతి చెబుతాము. పేర్లు చెప్పము, చెప్పడం న్యాయం కాదు. ఒక బేకరీ ఉన్నది. తండ్రిగారు నలభై ఏళ్ల క్రితం ఒక్క భట్టీతో ప్రారంభించారు. ఆయన చేసిన బిస్కట్టుకు చుట్టుపక్కల మండలాలలో గిరాకీ ఉండేది. ఆయన పోయిన తరువాత కొడుకులిద్దరూ నడుపుకుంటున్నారు. ఆ బిస్కట్టును పదేళ్లపాటు డబ్బాలలో తీసుకువెళ్లి ఊళ్లలో అమ్మిన ఏజెంటు ఒకాయన సొంతంగా భట్టీ పెట్టుకున్నాడు. పెట్టుకోవడంలో తప్పు లేదు. కాని బేకరీ పేరునే తన పేర ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నాడు. ఒక ఉదయం కొడుకులకు లాయరు నోటీసు వచ్చింది. మీరు మా పేరు వాడుతున్నారు, పదిహేను రోజులలో బోర్డు దించండి, కవర్లు నాశనం చేయండి అని దాని సారాంశం.

తండ్రి పెట్టిన పేరును కొడుకులు దొంగిలించారని నోటీసు! పెద్దవాడు ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు అతని చేతులు వణకడం మేము చూచాము. మరొక సంగతి కూడా దాచకుండా చెబుతాము. ఆ ఏజెంటు మన మస్జిదులో మన పక్కన నిలబడి నమాజు చేసేవాడే. మనకు అన్యాయం జరిగిన ప్రతిసారీ బయటివారివైపే చూడడం మనకు అలవాటయింది. ఇది మనవాడు మనవాడికి చేసిన పని.

నోటీసు చూచిన వెంటనే మేము అడిగిన ప్రశ్న: మీ దగ్గర ఏమి కాగితాలున్నాయి? పెద్దవాడు ధైర్యంగా ఒక ఫైలు తెరిచాడు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, జీఎస్టీ, ఉద్యమ్ సర్టిఫికెట్టు. అన్నీ ఉన్నాయి. అన్నింటిమీదా పేరు కూడా ఉన్నది. ఇంకేమి కావాలి చాచా అన్నాడు. సోదరులారా, ఇక్కడే మనలో అందరూ పొరబడుతున్నారు. ట్రేడ్ లైసెన్సు మీరు ఆ చోట వ్యాపారం చేయవచ్చునని చెబుతుంది. ఆహార లైసెన్సు మీరు తినుబండారాలు తయారు చేయవచ్చునని చెబుతుంది. జీఎస్టీ మీరు పన్ను కట్టేవారని చెబుతుంది. కంపెనీగా నమోదు చేసుకున్నా అంతే. ఆ పేరు మీదేనని, ఇతరులు వాడరాదని వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. మేము మూడు దశాబ్దాలు సర్కారు బల్ల వెనుక కూర్చుని దరఖాస్తులు తీసుకున్నవాళ్లము. ఒక కాగితం దేనికి పనికివస్తుందో దానికే పనికివస్తుంది. ముద్ర ఎంత పెద్దదయినా సరే.

పేరుకు హక్కు ఇచ్చేది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉన్నది. ఇది కేంద్ర చట్టం. కార్యాలయాలు ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్, చెన్నైలలో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై కార్యాలయమే దిక్కు. అయితే చెన్నై రైలు ఎక్కనవసరం లేదు, దరఖాస్తు ఇక్కడి నుండే ఆన్‌లైనులో వేయవచ్చును.

ఆ బేకరీ సంగతి ఏమయిందని మీరు ఎదురుచూస్తున్నారు. చెబుతాము. రిజిస్ట్రేషన్ లేనివాడు నకలు చేశాడని దావా వేయలేడు. 27వ సెక్షను మొదటి భాగం అంతమాట అంటుంది. కాని అదే సెక్షను రెండవ భాగం ఒక తలుపు తెరిచి ఉంచింది. నా సరుకని నమ్మించి తన సరుకు అమ్ముతున్నాడని, రిజిస్ట్రేషన్ లేకపోయినా, కోర్టుకు వెళ్లవచ్చును. దీనినే లాయర్లు పాసింగ్ ఆఫ్ అంటారు. ఇక 34వ సెక్షను ప్రకారం, నమోదు చేయించుకున్నవాడు ఆ పేరు వాడడానికీ నమోదుకూ ముందు నుండే ఎవరు ఎడతెగకుండా ఆ పేరు వాడుతున్నారో వారిని అతడు అడ్డుకోలేడు.

2015లో సుప్రీం కోర్టు ఒక మిఠాయి దుకాణం కేసులో ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. తిరునెల్వేలిలో ఇరుట్టుకడై హల్వా అని ఉన్నది. ఇరుట్టుకడై అంటే చీకటి కొట్టు. పేరును పోలిన పేరుతో మరొకరు హల్వా అమ్మగా వివాదం కోర్టులకెక్కింది. అవతలివాడి చేతిలో రిజిస్ట్రేషన్ ఉన్నప్పటికీ, ముందు నుండి వాడుతున్నవాడి హక్కే మిన్న అని న్యాయస్థానం తేల్చింది. ఇది మనకు పెద్ద ఊరట. కాని ఊరటకు ఒక షరతు ఉన్నది. ముందు నుండి వాడుతున్నామని రుజువు చేయాలి.

రుజువు ఎక్కడిది? తండ్రిగారు బిల్లు పుస్తకం పెట్టినవారు కారు. ఉన్న లైసెన్సులన్నీ తరువాతి కాలానివి. రెండు రోజులు ఇల్లంతా వెదికించాము. చివరకు దొరికినవేమిటో వింటే మీరు నవ్వుతారు. రమజాను కార్డులు! ప్రతి యేడూ ఆయన తన బేకరీ పేరుతో సహరీ, ఇఫ్తారు వేళల పట్టిక అచ్చువేయించి మస్జిదులలో పంచేవారు. దానిమీద హిజ్రీ సంవత్సరం, ఇంగ్లీషు సంవత్సరం, బేకరీ పేరు, బొమ్మ, క్రింద ప్రెస్సు పేరు. ముసలమ్మ వాటిని పారవేయడానికి మనసొప్పక దుఆల పుస్తకంలో పెట్టుకుంటూ వచ్చింది. పందొమ్మిది యేళ్లవి దొరికాయి. వాటిలో అత్యంత పాతది, ఆ ఏజెంటు మొదటి డబ్బా మోయకముందు పదేళ్లనాటిది. పుణ్యానికి పంచిన కాగితం పేరుకు పట్టా అయింది.

57వ సెక్షను క్రింద ఆ రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు తయారయింది. అది రిజిస్ట్రారు దగ్గరయినా, హైకోర్టులోనయినా వేయవచ్చును. వేసే ముందు మస్జిదు పెద్దలు ఇరువురినీ కూర్చోబెట్టారు. కార్డులు బల్లమీద పరచిన తరువాత అవతలివాడు ఎక్కువ మాట్లాడలేదు. మార్కును అన్నదమ్ములకు బదలాయిస్తూ రాసి ఇచ్చాడు. అయినా లాయర్లకు, ప్రయాణాలకు, మళ్లీ కవర్లకు కలిపి లక్షన్నర దాటింది. ముందే చేసుకుని ఉంటే అయ్యే ఫీజు 4,500 రూపాయలు.

ఆ ఫీజు లెక్క కూడా వినండి. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తి పేర, లేదా చిన్న సంస్థ పేర ఆన్‌లైనులో దరఖాస్తు వేస్తే ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు. కాగితం మీద వేస్తే 5,000. ఇతరులకు 9,000, 10,000. భాగస్వామ్య సంస్థ అయితే ఈ రాయితీకి ఉద్యమ్ సర్టిఫికెట్టు చూపాలి. ఆ సర్టిఫికెట్టుకు పైసా ఖర్చు లేదు, దానికి వెయ్యి, రెండువేలు గుంజుకునేవారిని నమ్మకండి.

తరగతి అంటే సరుకు రకం. మొత్తం 45 ఉన్నాయి. మొదటి 34 సరుకులకు, మిగిలినవి సేవలకు. అత్తరు, సబ్బులు 3వ తరగతి. నగలు 14. తోలు సంచులు 18. ఫర్నిచరు 20. బట్టల తానులు 24, కుట్టిన దుస్తులు 25. మాంసంతో చేసినవి 29. బిస్కట్టు, టీ పొడి, మసాలా 30. హోటలు 43. మీరు మసాలా అమ్ముతూ 43లో నమోదు చేయించుకుంటే పొట్లం మీది పేరుకు సరైన రక్షణ దొరకదు. హోటలూ నడుపుతూ మసాలా పొట్లాలూ అమ్మేవారు రెండు తరగతులకూ ఫీజు కట్టాలి.

ఇక ఏ పేరు పెట్టాలన్నది. ఇక్కడ మనవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. మన వీధిలో నడిచి చూడండి. మదీనా, మక్కా, తాజ్, బిస్మిల్లా, 786. భక్తితో, బర్కతు కోసం పెట్టిన పేర్లే. కాని పది ఊళ్లలో పదివేలమంది పెట్టుకున్న పేరు ఒక్క దుకాణాన్ని వేరుచేసి చూపజాలదు. వేరుచేసి చూపడమే ట్రేడ్‌మార్కు పని. 9వ సెక్షను ప్రకారం సరుకు స్వభావాన్ని మాత్రమే చెప్పే మాటలు చెల్లవు. స్పెషల్ బిర్యానీ, అసలు అత్తరు, హలాల్ చికెన్ వంటివి ఎవరి సొంతమూ కావు. మతవిశ్వాసాలను నొప్పించగలవి కూడా చెల్లవు. రామాయణం పేరుతో అగరువత్తులకు మార్కు కోరిన కేసులో 2015లోనే సుప్రీం కోర్టు, పవిత్ర గ్రంథం పేరును ఎవరూ సరుకు గుర్తుగా సొంతం చేసుకోజాలరని తీర్పు చెప్పింది. ఆ సందర్భంలో ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్‌ల పేర్లను కూడా ప్రస్తావించింది. ఇది మనకు మేలు చేసే తీర్పే. అసలు అల్లాహ్ నామాలు అచ్చువేసిన కవరు సాయంత్రానికి మురికి కాలువలో కనబడుతుంటే మనకే బాధ కలగడం లేదా? ఆ పేర్లను హృదయంలో ఉంచుకుని, సరుకుకు వేరే పేరు పెట్టుకోండి. మీ తాతగారి మారుపేరు, మీ సందు పేరుతో కలిపి కల్పించిన ఒక కొత్త మాట, ఇటువంటివి ఎంత వింతగా ఉంటే అంత గట్టిగా నిలుస్తాయి. ఆ చీకటి కొట్టును చూడండి, హల్వాకు అంతకన్నా అసందర్భమైన పేరు ఉండబోదు!

పేరు ఉర్దూలోనో తెలుగులోనో ఉంటే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోగాని హిందీలోగాని రాసి జతచేయాలి. వేసే ముందు ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటులో వెదకాలి. అక్షరాలు వేరయినా ధ్వని ఒకటయితే ఆక్షేపణ వస్తుంది. మన పేర్లను ఇంగ్లీషులో నాలుగు విధాల రాస్తారు గనుక నాలుగు విధాలా వెదకండి. ఎప్పటి నుండి వాడుతున్నారో రాయవలసిన గడి ఒకటి ఉన్నది. వాడుక తేదీ వేస్తే ప్రమాణపత్రం, ఆధారాలు ఇవ్వాలి. గొప్పకోసం తాతల కాలం తేదీ వేయకండి, రుజువు చేయలేని తేదీ తరువాత మెడకు చుట్టుకుంటుంది.

దరఖాస్తు వేసిన తరువాత పరీక్షా నివేదిక వస్తుంది. ఆక్షేపణలుంటే అందిన 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఇక్కడ మేము మరొక ముచ్చట చెప్పకుండా ఉండలేము. ఒక షేర్వానీ దర్జీ సోదరుడు ఇంటర్నెట్ సెంటరులో దరఖాస్తు వేయించాడు. తనకు ఈమెయిలు లేదని, అక్కడి కుర్రవాడు తన ఈమెయిలే రాశాడు. కుర్రవాడు ఆరు నెలలకు పని మానేసి దుబాయి వెళ్లిపోయాడు. నివేదిక వచ్చింది, గడువు పోయింది, దరఖాస్తు వదలివేసినట్లు నమోదయింది. దర్జీగారు మాత్రం దరఖాస్తు రసీదును ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుని నిశ్చింతగా ఉన్నారు. ఈమెయిలు మీ ఇంటిదే ఉండాలి. చదువుకున్న మీ అమ్మాయిని వారానికొకసారి చూడమనండి.

నివేదిక గడిస్తే మార్కును ట్రేడ్‌మార్కు జర్నలులో ప్రకటిస్తారు. ఇది వారానికొకసారి వెలువడుతుంది. ప్రకటన నాటి నుండి నాలుగు నెలలలోగా ఎవరయినా అభ్యంతరం చెప్పవచ్చును. ఆన్‌లైను రుసుము 2,700. మన బేకరీ సోదరులు ఆ నాలుగు నెలలలో చూచి ఉంటే లక్షన్నర మిగిలేది. మీ దరఖాస్తుపై ఎవరయినా అభ్యంతరం వేస్తే, దాని ప్రతి అందిన రెండు నెలలలోగా మీరు ప్రతివాదన వేయాలి, లేకుంటే దరఖాస్తు వదలుకున్నట్లే. జర్నలులో చిరునామా పడుతుంది గనుక, వెంటనే డబ్బు కట్టమని సర్కారు ముద్రవంటి ముద్రతో ఉత్తరాలు రావచ్చును. వెబ్‌సైటులో మీ దరఖాస్తు నంబరు కొట్టి చూడనిదే ఎవరికీ కట్టకండి.

రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. పదేళ్లకొకసారి ఆన్‌లైనులో 9,000 కట్టి పొడిగించుకోవచ్చును. ఎన్ని తరాలయినా ఉంచుకోవచ్చును. అయితే ఐదేళ్లకు మించి వాడకపోతే తొలగించమని ఇతరులు కోరవచ్చును. రిజిస్ట్రేషన్ రాకముందు టీఎం అన్న అక్షరాలు వేసుకోవచ్చును గాని, సున్నలో ఆర్ అక్షరం వేయరాదు. అది చట్టరీత్యా తప్పు.

ఎవరి పేర వేయాలన్నది చిన్న ప్రశ్నగా కనబడుతుంది. మన ఇళ్లలో సగం తగవులు ఇక్కడే పుడతాయి. మార్కు ఆస్తి. అమ్మవచ్చును, బదలాయించవచ్చును, వారసులకు వస్తుంది. తండ్రి పోయిన తరువాత పెద్దకొడుకు ఒక్కడే తన పేర రాయించుకుంటే చెల్లెళ్ల వాటా ఏమయినట్లు? ఇల్లు, పొలం విషయంలో షరీఅతు చెప్పే మనము పేరు విషయంలో మరచిపోవడం తగదు. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో దీనిని స్పష్టంగా తీర్మానించింది. వాణిజ్య నామం, ట్రేడ్‌మార్కు, రచన, ఆవిష్కరణ వంటివి ఆయా యజమానుల హక్కులు, వాటికి విలువ ఉన్నది, వాటిని అతిక్రమించడం షరీఅతు దృష్ట్యా తగదు అని. కొలతలలో తూనికలలో మోసం చేసిన జాతిని హజ్రత్ షుఐబ్ అలైహిస్సలాం హెచ్చరించిన వృత్తాంతం మన ఖతీబులు చెబుతూనే ఉంటారు. ఇతరుల పేరు మీద సరుకు అమ్మడం ఆ కోవలోనిదే అని వారు ఒక జుమాలో చెబితే బాగుండునని మా విన్నపం. పెద్ద కంపెనీల బూట్లు, అత్తర్లు నకిలీవి తెచ్చి అమ్మే మన కుర్రవారి సంగతి కూడా ఇందులోకే వస్తుంది. నకిలీ మార్కుతో అమ్మితే కనీసం ఆరు నెలల జైలు, 50,000 జరిమానాతో మొదలవుతుంది శిక్ష. పోలీసులు వచ్చినప్పుడు మనవారినే పట్టుకుంటున్నారని మా దగ్గరకు రావడం కన్నా, ముందే మానుకోవడం మంచిది.

పరదా వెనుక ఉన్న అక్కాచెల్లెళ్లకు ఒక మాట. ఈ మధ్య ఇళ్లలోనే మసాలాలు, పచ్చళ్లు, మెహందీ కోన్లు, జర్దోజీ జాకెట్లు చేసి ఫోనులోనే అమ్ముతున్న తల్లులు చాలామంది ఉన్నారు. దరఖాస్తు మీ పేరనే వేయండి. మీరు వ్యక్తులు గనుక 4,500 చాలు. భర్తగారు, అన్నగారు సంతకం చేయనవసరం లేదు. మెహరు మీ ఆస్తి అయినట్లే ఇదీ మీ ఆస్తి. ఇంట్లో పెద్దలు ఇబ్బంది పెడితే మమ్ములను పిలవండి, మేము వచ్చి మాట్లాడుతాము.

ఒక్కరి సొంతం కాని పేర్లు కూడా ఉన్నాయి. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో వచ్చింది. ఇది వేరే చట్టం, ఆ రిజిస్ట్రీ కూడా చెన్నైలోనే ఉన్నది. ఆ గుర్తింపు ఏ దుకాణానిదీ కాదు, నియమం ప్రకారం తయారుచేసే వృత్తిదారులందరిదీ. అందులో అధీకృత వాడుకదారుగా విడిగా పేరు నమోదు చేయించుకోవాలి. గాజులు చేసే కార్మికులలో ఎందరికి ఈ సంగతి చెప్పారో, ఎందరి పేర్లు రాశారో సంఘాల పెద్దలు చూడాలి. గుర్తింపు వచ్చిన నాడు పూలదండలు వేసుకోవడంతో పని అయిపోదు.

చివరి విషయం కాస్త బరువైనది. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని హోటళ్ల యజమానులు తమ పేర్లు బోర్డుపై రాయాలని ఉత్తర్వులు వచ్చాయి. జూలై 22న సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిపివేసింది. ఏ ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చును గాని యజమాని పేరు చెప్పమని బలవంతం చేయరాదని అన్నది. ఆ తరువాత మన ఊరి సోదరులు కొందరు మమ్ములను అడిగారు. ముస్లిం పేరని తెలియని పేరు పెట్టుకుంటే మంచిదా అని. మేము కాదనలేకపోయాము, అవుననీ అనలేకపోయాము. ఏ పేరు పెట్టుకోవాలన్నది మీ ఇష్టం, అది మీ హక్కు. కొనేవారిని మోసగించనిది ఏదయినా చట్టానికి సమ్మతమే. భయంతో మార్చుకుంటున్నారా, వ్యాపారానికి బాగుంటుందని మార్చుకుంటున్నారా అన్నది మీకే తెలియాలి. మా మటుకు, ఆ బేకరీ బోర్డు మీద తండ్రిగారి పేరు ఇప్పటికీ అలాగే ఉన్నది. అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ సాయంత్రం అక్కడే క్యూ కడుతున్నారు.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తరువాత ఇదే హాలులో రెండు బల్లలు వేసుకుని కూర్చుంటాము. రుసుము తీసుకోము. ఆధార్, పాన్, దుకాణం బోర్డు ఫోటో, ఉద్యమ్ సర్టిఫికెట్టు ఉంటే అది, మీ సొంత ఈమెయిలు తెచ్చుకోండి. పాత బిల్లులు, ప్రెస్సు రసీదులు, పెళ్లి ఆర్డరు పుస్తకాలు, ఉర్సు పోస్టర్లు, మీ పేరుతో అచ్చయిన రమజాను కార్డులు ఏవున్నా తీసుకురండి. ఉర్దూ పేర్ల అర్థం ఇంగ్లీషులో రాయడానికి రిటైరయిన ఉర్దూ మాస్టారు ఒకరు వస్తామన్నారు. ఇంట్లో ముసలమ్మలు దాచిన పుస్తకాలు తెరిచి చూడడానికి ఈ వారం రోజులు చాలు.